వర్ధనమ్మ బొట్టుబిళ్ల

నెలసరి ఆగిన ఆడవాళ్లకు హార్మోను మందు ఎర్రటి బొట్టుబిళ్లగా వస్తున్న కాలమిది. అతికించుకుంటే చాలు, ఒంట్లో తరిగిందేదో అదే పసిగట్టి నింపుతుంది. మా ఊరి ఆడవాళ్లంతా పెట్టుకునేసరికి వడగాలి పనిలేక పొరుగూరు వెళ్లిపోయింది.

మా చెల్లెలు వర్ధనమ్మ ఒక్కతే పెట్టుకోలేదు. ఒంట్లో ఆవిర్లతో ఆర్నెల్లుగా ఆమెకు నిద్ర లేదు. కానీ భర్త పోయాక బొట్టు మానేసిన మనిషి.

"నలుగురూ ఏమంటారన్నయ్యా?"

"నీ పక్కన పెడితే అప్పడాలు కాలుతున్నాయంటారే!"

బిళ్ల ఇవ్వడానికి వచ్చిన నర్సు రంగనాయకి నవ్వింది. "భుజానికి అతికించినా పనిచేస్తుంది పెద్దమ్మా."

వర్ధనమ్మ బిళ్లను వేలి కొసన పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత అద్దం తెమ్మంది.

"భుజానికి అద్దమెందుకే?"

"నువ్వు నోర్మూసుకో!" అని నుదుటి మధ్య కుదురుగా అద్దుకుంది.

మూడోనాటి మధ్యాహ్నం వసారాలో ఆమె నిద్రపోతుంటే, మా పెంకుల మీద కాకులు మునివేళ్లపై నడిచాయి.