నల్ల గోళీ

"జీతం లేదు, సెలవు లేదు. అయినా రండి" అంటున్నాడు నిబాల్దో, చేపల బజారు మెట్ల మీద నిలబడి. "మీ ఇల్లు తగలబడితే పరిగెత్తుకొచ్చేది ఎవరు? పక్కింటివాడేగా. ఆ పక్కింటివాడు మీరే అవ్వండి."

సముద్రపు ఒడ్డు ఊరు వాల్పరాయిసోలో కొండల మీద ఇళ్ళన్నీ చెక్కా, రేకులే. మంటలార్పే దళంలో అందరూ ఊరివాళ్ళే, ఒక్కడికీ జీతం లేదు. మనుషులు తగ్గిపోతున్న ఆ దళానికి కొత్తవాళ్ళని పట్టుకొచ్చే పని పాత సభ్యుడు నిబాల్దోది. మాటలు చెప్పి మైనపు ముద్దని కూడా పొయ్యి దగ్గరికి రప్పిస్తాడని ఆయనకి పేరు.

ఆవేళ ఇద్దరు కుర్రాళ్ళు పేర్లిచ్చారు. వెనక నిలబడ్డ కూతురు యాస్నా "మూడో పేరు నాది, నాన్నా" అంది.

నిబాల్దో ఒక్క క్షణం ఆగి నవ్వాడు. "నువ్వు పుట్టిందే సైరన్ మోతలో. ఇంక నేనా నీకు అడ్డం?"

దళంలో చేరాలంటే ఓటు నెగ్గాలి. సభ్యులంతా వరుసలో వెళ్తారు, చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు వెనక. మూసిన పెట్టెలో చెయ్యి పెట్టి తెల్ల గోళీయో నల్ల గోళీయో వదులుతారు. ఒక్క నల్లది పడినా ప్రవేశం లేదు. పేరిచ్చినవాళ్ళు బయటే ఉండాలి.

ఆదివారం మధ్యాహ్నం యాస్నా దళం షెడ్డులో మంటలార్పే ఎర్ర బండి పక్కన బల్ల మీద కూర్చుంది. సముద్రం మీంచి పొగమంచు మెల్లగా లోపలికొచ్చి బండి చక్రాల్ని కప్పేసింది. కళ్ళు మూసుకుంటే తను నిచ్చెన మీద ఉంది. కింద కొండ లేదు, ఊరు లేదు. చేతిలోని గొట్టంలోంచి నీళ్ళు చప్పుడు లేకుండా పోతున్నాయి. చిన్నప్పట్నుంచీ వచ్చే కలే. అందులో ఆమెకి ఏనాడూ భయం వెయ్యలేదు.

తలుపు తెరుచుకుంది.

"కుర్రాళ్ళిద్దరూ నెగ్గారు" అన్నాడు కెప్టెన్. "నీకు మాత్రం ఒక నల్లది పడిందమ్మా. వచ్చే ఆదివారం ఇంకోసారి వేస్తాం. అప్పుడూ పడితే ఇంక ఈ జన్మకి అడగడానికి లేదు."

ఇంటిదారిలో నిబాల్దో "ఎవడో పిరికివాడు" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. యాస్నాకి తన బాధ కన్నా నాన్నని చూస్తేనే ఎక్కువ జాలేసింది.

ఆ పిరికివాడెవడో ఆమెకి తెలుసు. "ఆడపిల్లలు ఊగడానికి ఇదేం ఉయ్యాలా?" అని మొదట్నుంచీ సణిగే ముసలి ఫెర్మీన్, దళంలో అందరికన్నా పెద్దవాడు. కడుపుమంటతో మర్నాడు పొద్దున్నే మెట్లెక్కి వెళ్ళి ఆయన తలుపు తట్టింది.

"నల్లది వేసింది నువ్వే కదా తాతా?"

ఫెర్మీన్ ఆమె మొహంలోకి చూశాడు. "ఇంకెవర్నైనా అడిగావా?"

"లేదు. సరాసరి ఇక్కడికే వచ్చా."

"మంచి పని చేశావు. నేనే వేశాను. కూర్చో, టీ తాగు."

తిట్టిపోయడానికి వచ్చిన యాస్నా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎందుకు? పనికిరాననా?"

"పనికొస్తావనే. అందరికన్నా ముందు దూకేది నువ్వే. దూకినవాళ్ళందరూ ఇంటికి తిరిగి రారమ్మా. నిన్ను పంపడానికి చెయ్యి రాలేదు."

"నా మీద ఇంత ప్రేమ ఎప్పట్నించి? ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడివి."

ఫెర్మీన్ టీలో పంచదార కలిపాడు. "ముసలితనంలే" అన్నాడు. "ఆదివారం రా. నేను చూసుకుంటాను."

ఆదివారం వచ్చింది. బయట యాస్నా కళ్ళు మూసుకుని మళ్ళీ నిచ్చెన ఎక్కుతోంది. లోపల వరుస మెల్లగా కదిలి, చివరికి ఇద్దరే మిగిలారు. ముందున్న నిబాల్దో చెయ్యి పెట్టెలోకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. వెనకున్న ఫెర్మీన్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగాడు.

"ఈసారి తెల్లది వెయ్యరా, నిబాల్దో."