ఆరు మూటలు

మూటల సందులోంచి కాలు కనిపించింది.

కాపలాదారు ఎలాసా కర్రతో పొడిచాడు.

"దొంగవా?"

"కాదు పెద్దాయనా. మెల్లగా మాట్లాడు."

మేకబొచ్చు దుప్పటి తొలగించుకుని ఓ యువకుడు తల ఎత్తాడు. కూర్చున్నా ఎలాసా భుజం దాకా ఉన్నాడు.

ఆ రోజు ఇశ్రాయేలు గోత్రాలన్నీ మిస్పా కొండ మీద చేరాయి. తొలి రాజు ఎవరో తేల్చడానికి ప్రవక్త చీట్లు వేయిస్తున్నాడు. ముందు గోత్రం, తర్వాత వంశం, తర్వాత ఇల్లు, చివరికి మనిషి. వచ్చినవాళ్ల సామాను, గాడిదలు కొండ కింద ఎలాసా కాపలాలో ఉన్నాయి.

"ఎవరికి భయపడి దాక్కున్నావు?"

"అందరికీ."

ఎలాసాకు అర్థమైంది. ఎవణ్ణో చంపి ఉంటాడు. చచ్చినవాడి అన్నదమ్ములు పైన గుంపులో ఉండి ఉంటారు. కంటపడితే ప్రాణానికి ప్రాణం తీస్తారు.

"కావాలని చేశావా, చెయ్యి జారిందా?"

"నేనేమీ చెయ్యలేదు."

"అందరూ అదే అంటారులే."

పైనుంచి కేక వినిపించింది. చీటీ బెన్యామీను గోత్రానికి వచ్చింది.

యువకుడు దుప్పటి మళ్లీ మీదికి లాక్కున్నాడు.

"ఇక్కణ్ణుంచి బయటపడే దారుందా?"

"మేకల బాట ఒకటుంది. నాకు తప్ప ఎవరికీ తెలియదు."

యువకుడు గబుక్కున లేచాడు. ఆ నిలువు చూసి ఎలాసాకు ఆశ పుట్టింది. ఎండలో ఆరు యవల మూటలు పడి ఉన్నాయి. తన నడుం పట్టేసి మూడు రోజులు.

"ఆ ఆరూ నీడకు చేర్చు. చూపిస్తా."

"ఇప్పుడా?"

"నీ ఒంటికి అదెంత సేపయ్యా."

యువకుడు మొదటి మూట ఎత్తాడు.

"రేపట్నుంచి మనందరికీ ఇదే పని" అన్నాడు ఎలాసా గట్టు మీద కూర్చుని. "రాజు కూర్చుంటాడు, మనం మోస్తాం."

"రాజు మొయ్యడా?"

"మోసేవాణ్ణి రాజంటారటయ్యా?"

మూడో మూట దగ్గర మళ్లీ కేక. ఏదో చిన్న వంశం పేరు.

"ఎవడి అదృష్టమో" అన్నాడు ఎలాసా.

యువకుడు నాలుగో మూట పరుగున మోశాడు.

అయిదో మూట దించేసరికి కొండ మీద అలికిడి ఆగిపోయింది.

"చాలు పెద్దాయనా. దారి చూపించు."

"ఆరన్నాను. మాటంటే మాటే."

ఆరో మూట వీపు మీదికెక్కింది. అప్పుడే కొండ మీంచి జనం దిగారు.

"సామాన్లలో వెతకండి" అంటున్నారు.

ఎలాసా కర్ర అడ్డం పెట్టి ముందుకు నడిచాడు.

"ఇక్కడెవరూ లేరు. వీడు నా కూలోడు. వీడి చేతికి నెత్తురు అంటలేదు."

ముందున్న పెద్దలు అతని మాట వినలేదు. ఒకరి తర్వాత ఒకరు నేల మీద సాగిలపడ్డారు.

ఎవరికా అని ఎలాసా వెనక్కి తిరిగాడు. మూట కింద వంగిన మనిషి తప్ప ఎవరూ లేరు.

ఆ మనిషి ఆరో మూటను తీసుకెళ్లి నీడలో మెల్లగా దించాడు.

"అన్నీ చేర్చాను. ఆ బాట ఎటో ఇప్పుడైనా చెప్పు పెద్దాయనా" అన్నాడు ఇశ్రాయేలు రాజు.