బందెలదొడ్డి కాంట్రాక్టు

ఎనభై ఏడులో మునిసిపాలిటీ బందెలదొడ్డిని కాంట్రాక్టుకిచ్చింది. దాన్ని పట్టిన సింహాద్రి, వీధిలో దొరికిన నూకాలమ్మ ఆవును లోపల పెట్టాడు. ఆమె ఊళ్లో లేని నాలుగు రోజులూ నీళ్లు పెట్టలేదు. ఆవు చచ్చిపోయింది.

మూడేళ్లకు ఆ కాంట్రాక్టు నూకాలమ్మే పట్టింది. ఊరి బయటికి పోయే లింగియాడీహ్ రోడ్డు మీద సింహాద్రి పెయ్య కనబడగానే తోలుకొచ్చి, నీళ్లతొట్టి బోర్లించి, గేటుకు తాళం వేసింది.

మూడోనాడు సింహాద్రి గేటు పట్టుకుని ఏడ్చాడు. "అప్పా, దానికి గుక్కెడు నీళ్లియ్యి."

"నా ఆవుకి నువ్విచ్చినావేటి?"

"తప్పయిపోనాది. నీ ఆవు సచ్చేముందు ఈనినాది. నీకు సెప్పడానికి మొకం సెల్లక, సీసాతో పాలు పట్టి నానే పెంచుకున్నాను. ఇది ఆ పెయ్యే."

నూకాలమ్మ తాళంచెవి కోసం కొంగు అందుకుంది. ముడి ఊడిరాకపోతే పళ్లతో లాగింది.