తోటకూర తనిఖీ

జంతువులు కాపురముండే ఒక పట్నంలో కుందేలమ్మ పెరటి నిండా తోటకూర పండించింది. గంప నెత్తిన పెట్టుకుని సంతకు పోతుంటే కూరల తనిఖీ అధికారి మేకగారు అడ్డొచ్చారు.

“పట్నంలో పండింది నేను రుచి చూడందే అమ్మకూడదమ్మా. రూలు,” అంటూ ఒక కట్ట నమిలారు. “ఒక్క కట్టతో ఏం తెలుస్తుంది?” అని ఇంకోటి నమిలారు. గంప ఖాళీ అయ్యాక మూతి తుడుచుకుని, “బాగుంది, అమ్ముకో,” అన్నారు.

“ఇంకేం అమ్మను అయ్యగారూ?”

“అది మా శాఖ కాదు.”

కుందేలమ్మకు ఒళ్లు మండింది. మళ్లీ పంటకు మిరప వేసి, గంపెడు పచ్చిమిరపకాయలు తెచ్చింది. మేకగారు అలవాటుగా గుప్పెడు నోట్లో వేసుకున్నారు. కళ్లనీళ్లు కారిపోతుంటే, “మిరపకాయలకు తనిఖీ అక్కర్లేదు,” అని అక్కడికక్కడే రూలు మార్చేశారు.

ఆ మాట పట్నమంతా పాకింది. ఉడుతలు, కోళ్లు, పందికొక్కులు, అందరూ మిరపే వేశారు. పిల్లలు అన్నంలోకి మిరపకాయ నంజుకుని ఏడుస్తున్నారు.

ఆకుకూరలు ఎలా మాయమయ్యాయో తేల్చడానికి పెద్దలు విచారణ సంఘం వేశారు. దానికి అధ్యక్షులు మేకగారే. ఎవరి పెరట్లోనైనా తోటకూర మిగిలుంటే సాక్ష్యంగా తెచ్చి తన ముందు పెట్టమని ఆయన మొదటి ఉత్తర్వు.