కట్టు

కట్టు విప్పగానే వార్డంతా ముక్కులు మూసుకుంది.

ఏడో నంబరు మంచం మీద పెద్దాయన. ఊరూరా సభలు పెట్టి వాక్యం చెప్పే బోధకుడు. షుగర్ ముదిరి ఎడమ మడమ కుళ్లింది. చీము పచ్చగా, జిగురుగా కారుతోంది. అటక మీద ఎలుక చచ్చినట్టు వాసన.

వార్డు సిస్టర్‌ది ఇరవై నాలుగేళ్ల సర్వీసు. ఇంతకంటే ఘోరమైన పుళ్లు కడిగిన చేతులు. అయినా ఆయన వచ్చినరోజు కేసు షీటు చదివి, మాస్కు మీద ఇంకో మాస్కు కట్టుకుంది.

"అదేంటక్కా, నీక్కూడా వాసనేనా?" అంది ఆయా.

"ఈ వాసన వేరులే."

డాక్టరు ఆమెను పక్కకి పిలిచి చెప్పాడు. "రోజూ చచ్చిన మాంసం కత్తిరించి లోపలిదాకా కడగాలి. శుక్రవారం చూస్తాను. ఎర్రటి కండ కనబడితే సరే. లేదంటే మోకాలి కిందనుంచి కాలు తీసెయ్యడమే."

అరగంట పని. ఆ అరగంటా పెద్దాయన నోరు ఊరుకోదు.

"నాకంటే పాపి ఈ వార్డులో లేడు," అని ఎత్తుకుంటాడు. "వయసులో ఉన్నప్పుడు మా ఇంట్లో ఓ పనిపిల్ల ఉండేది. సాతాను దాన్ని తెచ్చి నా ముందు నిలబెట్టాడు. పడిపోయాను. దానికి నెల తప్పింది. సిగ్గుతో ఏట్లో దూకింది. శవాన్ని ఈ చేతులతోనే ఒడ్డుకి లాగాను. రెండు ప్రాణాలు! అక్కడే మోకరించాను. దేవుడు నన్ను క్షమించాడు."

'రెండు ప్రాణాలు' దగ్గర గొంతు వణుకుతుంది. రోజూ సరిగ్గా అక్కడే, సరిగ్గా అంతే. పక్క మంచం ముసలమ్మ కళ్లొత్తుకుంటుంది. ఆయన వినేవాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ చూసుకుంటాడు. పుండు కడిగే మనిషి వైపు మాత్రం ఎన్నడూ చూడడు.

"ఎంత గొప్ప సాక్ష్యమక్కా!" అంది ఆయా, బకెట్ ఎత్తుతూ. "కాకపోతే పోయినేడు మా ఊరి సభలో నుయ్యి అన్నారు. ఇప్పుడు ఏరు అంటున్నారు."

"వచ్చే ఏటికి సముద్రం అవుతుందిలే," అంది సిస్టర్. "సాతాను నిలబెట్టాడట. తలుపు గడియ కూడా సాతానే పెట్టాడేమో, అడగకపోయావా?"

ఆయా నవ్వింది. సిస్టర్ సింకు దగ్గరికి వెళ్లి డోక్కుంది.

బుధవారం ఇంటి తాళంచెవి కోసం సిస్టర్ కూతురు వచ్చింది. ముప్పై ఏళ్లది, బడిలో లెక్కలు చెబుతుంది. పెద్దాయన చూశాడు.

"మీ అమ్మాయా సిస్టర్? రా తల్లీ, దీవిస్తాను. నాకా పిల్లలు లేరు. చేసిన పాపం ఊరికే పోతుందా?"

చెయ్యి ఆ పిల్ల తల మీదికి లేచింది. సిస్టర్ ఆ మణికట్టు పట్టుకుని మంచానికి అదిమేసింది.

"సెలైన్ ఉంది. కదపకండి."

"ఏంటమ్మా అంత విసురు?" అంది కూతురు గుమ్మం దగ్గర. "పాపం, పెద్దాయన."

"నువ్వు ఇంటికెళ్లు."

గురువారం ఆమె కత్తెర ముట్టుకోలేదు. పుండు పైపైన తుడిచింది. తెల్లటి గాజుగుడ్డ పరిచి, ముచ్చటగా కట్టు కట్టేసింది. షుగర్ కాలు, నిలవలేదంటారు. సిస్టర్‌ని ఎవరడుగుతారు? ఎన్ని కాళ్లు పోవడం లేదు!

కొళాయి కింద చేతులు పెట్టింది. సబ్బు రుద్దింది. మళ్లీ రుద్దింది. వాసన పోలేదు. పైన తెలుపు, లోపల కుళ్లు. రోజూ ఆయన నోటితో చేసేదే, ఇవాళ తను చేత్తో చేసింది. ఇన్నాళ్లూ ఆయన మీదున్న రోత ఒక్కసారిగా తన మీదికే తిరిగింది.

"ప్రభువా," అంది గోడకి నుదురు ఆనించి. "ఈ మనిషి కాలు నా చేతుల్లోనే పెట్టాలా? ఇంకో సిస్టర్ దొరకలేదా నీకు?"

కొళాయి కట్టేసి, ఏడో నంబరు దగ్గరికి తిరిగొచ్చింది.

"కట్టు సరిగ్గా పడలేదు. మళ్లీ కడతాను."

మొత్తం విప్పింది. నల్లటి మాంసం ముక్కముక్కగా కత్తిరించింది. సందుల్లో చీము పిండింది. ఎర్రటి నెత్తురు చిమ్మేదాకా వదల్లేదు. పెద్దాయన దుప్పటి కరిచిపట్టుకుని అరిచాడు. ఆ రోజు సాక్ష్యం లేదు. ఆమెకి మాత్రం లోపల ఒక ప్రార్థనే తిరుగుతోంది: చెయ్యి వణకనీయకు, ఇప్పుడు వణకనీయకు.

శుక్రవారం డాక్టరు వంగి చూశాడు.

"ఎర్రటి కండ! కాలు నిలిచినట్టే."

"చూశారా దేవుడి మహిమ!" అని వార్డంతా వినబడేలా అరిచాడు పెద్దాయన.

డాక్టరు సిస్టర్ చేతుల వైపు చూసి, వార్డు ఆ చివరికి కదిలాడు. ఆమె కొత్త కట్టు మొదలుపెట్టింది. వినేవాళ్లెవరూ లేరని చూసుకుని పెద్దాయన గొంతు తగ్గించాడు. ఈసారి వణుకు లేదు.

"సిస్టర్, దేవుడైతే క్షమించాడు. ఆ పిల్ల కూడా క్షమించి ఉంటుందంటావా?"

"ఎప్పుడైనా అడిగారా?"

"చచ్చినదాన్ని ఎక్కడని అడుగుతానమ్మా? పరలోకంలో కనబడితే అడుగుతాను."

ఆమె ముడి బిగించింది. మరీ గట్టిగా కాదు, మరీ వదులుగా కాదు. రక్తం ఆడాలి.

ముప్పై ఒక్క ఏళ్లుగా సభ సభకీ ఆయన నీళ్లలో ముంచి చంపుతున్న ఆ పనిపిల్ల, చేతులు కడుక్కుని, పక్క మంచం దగ్గరికి వెళ్లింది.