ఇస్తారి ఆగిన చోట

ఆనాడు ఇస్తారి నన్ను ఓడించి ఉంటే ఈపాటికి మరచిపోయేవాణ్ణి. వాడు నన్ను గెలిపించాడు. అందుకే వాడితో ఇప్పటికీ మాట్లాడను.

అప్పటికి నా మోకాలి ఆపరేషనై ఏడాది దాటింది. ఫుట్‌బాల్ జట్టులో నా చోట ఇస్తారి ఆడుతున్నాడు. ఎనభై తొమ్మిదిలో, సిద్దిపేట గ్రౌండులో, మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టాడు కెప్టెన్ హరికిషన్.

"బంతి ఎవలు ముందు అందుకుంటే రేపటి మ్యాచుల వాళ్లే," అంటూ దూరంగా తన్నాడు.

నేనే అందుకున్నాను. "చూసినవా అన్నా! కాలు ఎప్పటి లెక్కనే ఉన్నది!"

హరికిషన్ నావైపు చూడలేదు. "ఏందిరా ఇస్తారీ, నడుమల ఎందుకు ఆగినవ్?"

"ఆయాసమొచ్చిందన్నా."

"రోజూ నంగునూరు నుంచి సైకిల్ తొక్కెటోనికి ఆయాసమా?"

ఇస్తారి తల దించుకున్నాడు. "గా కాలు కోసం వీళ్ల బాపు భూమి అమ్మిండన్నా. ఆడనియ్యి."

ఒక్కరూ నవ్వలేదు. నా కాలు మునుపటిలా లేదని అందరికీ తెలుసు, నాకు తప్ప.

"రేపు వాన్నే ఆడించన్నా," అని బూట్లు విప్పేశాను.

ఇంటికి పోతే బాపు ఎదురొచ్చాడు. "తీసుకున్నరా బిడ్డా?"

మాకున్న భూమి ఎకరానికి రెండు తక్కువ, ముప్పై ఎనిమిది గుంటలు. మొత్తం ఆ మోకాలికే పోయింది.