ఎవరి మనిషి

"ముందు బల్ల దిగు. ఎవుడు పంపినాడు నిన్ను?" అన్నాడు అప్పలసూరి.

టీకొట్టు ముందున్న బల్లెక్కి ఉపన్యాసం ఇస్తున్న ఆ కొత్త మనిషి దిగలేదు. చేతులు జోడించాడు.

"అమ్మవారిని గంగలో సాగనంపే అనుపు అమావాస్య నాడు పెట్టుకున్నారు. ఆ రోజు గంగలో బాన్ వస్తుంది. సముద్రం నీళ్లు గోడలా లేచి, నదికి ఎదురు పరుగెత్తుకొస్తాయి. ఘాట్ దగ్గర కాపలాకి మనుషులు కావాలి. కూలి లేదు, మనసున్నవాళ్లు రండి. మీలో ఈతగాళ్లున్నారు. అవతల బెంగాలీల క్లబ్బులో పడవుంది, తాళ్లున్నాయి. రెండు పేటలూ చేయి కలిపితే ఒక్క ప్రాణం కూడా పోదు."

కలకత్తా గార్డెన్ రీచ్‌లోని తెలుగు రేవు కూలీల పేట పకపకా నవ్వింది.

"సిక్కోలు సముద్రం ఒడ్డున పుట్టినోలం. మమ్మల్ని గంగ ఏటి సేస్తాది?" అన్నాడు ముసలి గవరయ్య.

"సముద్రం ఎదురుగా వస్తుంది తాతా, కనిపిస్తుంది. ఇది పక్క నుంచి వస్తుంది."

అప్పలసూరికి మాత్రం నవ్వు రాలేదు. అతను రేవులో ముఠా మేస్త్రీ, పేటకి పెద్ద. అవి ఎర్రజెండాల రోజులు. కలకత్తాలో మైకు పట్టినవాడి వెనక ఒక జెండా, చందా అడిగినవాడి వెనక ఒక క్లబ్బు తప్పకుండా ఉండేవి. పైగా ఈయన తెలుగులో బెంగాలీ యాస ఉంది. ఘాట్ మాదంటే మాదని పోయినేడే ఆ క్లబ్బువాళ్లతో కొట్లాటయి, తలలు పగిలాయి.

"అడగందే అమ్మయినా పెట్టదు. అడక్కుండా మన మంచి సెప్పడానికి ఈడెవుడు? క్లబ్బోల మనిసి! అనుపు ఆపించి, ఘాట్ లాక్కోడానికే ఈ ఎత్తు" అని తేల్చేశాడు.

పేటంతా అదే మాట అంది. ఆయనకి లెక్చరు బాబని పేరు కూడా పెట్టింది. అసలు పేరు ఎవరూ అడగలేదు.

ఆయన రోజూ వచ్చాడు, రోజూ బల్లెక్కాడు. ఒక్కరూ ముందుకు రాలేదు.

అనుపు రోజు గాలి స్తంభించింది. ఆకాశం బూడిద రంగులో ఉంది.

ఘటం ఎత్తుకున్నది అప్పలసూరి భార్య మహాలక్ష్మమ్మ. మధ్యాహ్నం దాటకుండా గొంతు లోతు నీళ్లలోకి దిగి, ఘటాన్ని గంగలో వదలాలి. డప్పులు మోగుతున్నాయి. గుమ్మం గుమ్మానికీ ఆడవాళ్లు ఆమె పాదాల మీద పసుపునీళ్లు పోస్తున్నారు. బిందెతో ఎవరు నిలబడినా ఘటం ఆగాల్సిందే. దాటిపోతే అమ్మవారికి కోపం.

సందు చివర, ఘాట్‌కి తిరిగే మలుపులో, రెండు బిందెలు ముందు పెట్టుకుని లెక్చరు బాబు నిలబడి ఉన్నాడు.

"నేనూ మొక్కుకున్నాను" అన్నాడు.

అప్పలసూరి పళ్లు నూరాడు. కానీ ఆచారం.

ఆయన చెంబుతో కొంచెం కొంచెం పోస్తున్నాడు. ఆగుతున్నాడు. మళ్లీ పోస్తున్నాడు.

"కాళ్లు కడుగుతున్నాడా, ఓడ కడుగుతున్నాడా?" అన్నారెవరో. అందరూ నవ్వారు.

మహాలక్ష్మమ్మ నవ్వలేదు. చెంబు చెంబుకీ ఆయన నది వైపు చూడడం ఆమె గమనించింది.

"ఏటయింది బాబూ?" అంది మెల్లగా.

"ఒడ్డున ఒక్క నావయినా ఉందేమో చూడమ్మా."

ఆమె తల కదపకుండా చూపు మాత్రం తిప్పింది. అల ఒడ్డుకేసి కొట్టకుండా నావలన్నీ మోకులు విప్పుకుని నది నడిమికి వెళ్లిపోయాయి. పడవవాళ్లంతా సముద్రం వైపే చూస్తున్నారు.

ఆమె మొగుడి వైపు తిరిగింది.

"మావా, ఏటో తేడాగా ఉంది. కాసేపు ఆగుదుం."

"నువ్వూ ఆడి మాటే నమ్ముతావేటి!"

అప్పలసూరి రెండో బిందెని తన్నాడు. ఆయన చెంప పగలగొట్టి పక్కకి ఈడ్చేశాడు. పసుపునీళ్లు సందంతా పారాయి.

లెక్చరు బాబు లేచి ఘాట్ వైపు పరుగెత్తాడు.

అక్కడ గవరయ్య ముందే మొల లోతు నీళ్లలోకి దిగి, ఘటం కోసం ఎదురుచూస్తున్నాడు. ఊరేగింపు ఘాట్ చేరేసరికి లెక్చరు బాబు ఆ ముసలాయన నడుం పట్టుకుని మెట్ల మీదికి తోస్తున్నాడు.

"బాన్! బాన్ ఆశ్ఛే!" నది మధ్య నుంచి కేకలు వినిపించాయి.

డప్పులు ఆగిపోయాయి. నీళ్లు ఒక్కసారిగా మెట్లన్నీ మింగాయి. పైమెట్టు మీదున్న మహాలక్ష్మమ్మ పాదాలు తడిపి వెనక్కి పోయాయి. అన్ని మెట్లూ దిగి నీళ్లలో ఉండాల్సిన మనిషి, ఒక్క బిందె ఆలస్యంతో బతికింది.

గవరయ్య మెట్టు పట్టుకుని దగ్గుతున్నాడు. ఆయన పక్కన ఎవరూ లేరు.

అప్పలసూరి గంగలోకి దూకాడు. వెనకే మిగతా ఈతగాళ్లూ దూకారు. పడవ లేదు, తాడు లేదు. ఎంత వెతికినా మనిషి దొరకలేదు.

మర్నాడు క్లబ్బు పడవ ఘాట్‌కి వచ్చింది. అందులో తెల్లగుడ్డ కప్పిన శవం ఉంది. క్లబ్బు సెక్రటరీ నిర్మల్ బాబు తల దించుకుని దిగాడు.

అప్పలసూరి ఏడుస్తూ ఆయన చేతులు పట్టుకున్నాడు.

"మీ మనిసిని కొట్టినాను దాదా. ఆ బాబు నా ఇంటి దీపం నిలబెట్టినాడు. మీరు ఏ సిచ్చ ఏసినా పడతాను."

నిర్మల్ బాబు తెల్లబోయాడు.

"మా మనిషా? పడవ ఇవ్వండి, తాళ్లివ్వండి అంటూ నెల రోజులు మా గుమ్మం వదల్లేదు. ఆయన బెంగాలీలో తెలుగు యాస ఉంది. మీరే పంపారనుకుని, మేమూ మెడపట్టి గెంటేశాం."

ఇద్దరూ ఒంగి, చెరోపక్కా పట్టి శవాన్ని పడవలోంచి దించారు.

ఆయన్ని ఎవరూ పంపలేదు, తనంతట తానే వచ్చాడు.